ఛాతీలో శబ్దం లేదంటే బాగున్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఫిజియోథెరపీ మూడో ఏడాది చదువుతోంది. ఐసీయూ పోస్టింగ్‌లో ఒక పేషెంటు ఛాతీ విని ‘శబ్దాలేమీ లేవు, క్లియర్’ అని రాసిందట. తీరా చూస్తే అక్కడ కఫం అడ్డుపడి ఉంది. సీనియర్ అందరి ముందూ తిట్టారు. నాలుగు రోజులుగా ఏడుస్తోంది. రోజంతా గళ్ల, ఉమ్మి మధ్య ఉద్యోగం మా ఇంట్లోనూ ఎవరికీ ఇష్టం లేదు. స్పోర్ట్స్ ఫిజియో వైపు పంపుదామనుకుంటున్నాం. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయికి ఈ మాట చెప్పండి. శబ్దం లేదు కాబట్టి బాగుందనుకోవడం ఈ పనిలో మాలో చాలామంది చేసిన తప్పే. గాలి కదిలితేనే కఫం గరగరమంటుంది. శ్వాసనాళం కఫంతో పూర్తిగా మూసుకుపోతే అవతలికి గాలే వెళ్లదు, ఇక శబ్దం ఎక్కడిది? అందుకే కుడివైపు విన్న చోటే ఎడమవైపూ విని పోల్చుకోవాలి. తరగతిలో ఇది చెబుతారు కానీ, ఒకసారి పొరపాటు పడితేగానీ చెవికెక్కదు.

పదేళ్లు వార్డుల్లో పనిచేశాకే నేను ఈ సలహాల పనిలోకి వచ్చాను. పొట్ట ఆపరేషన్ అయిన పేషెంటు ‘నాకు దగ్గే లేదండీ’ అంటాడు. కుట్లు నొప్పెడతాయని దగ్గడం మానేశాడంతే. దగ్గమంటే భుజాలు లేస్తాయి, గొంతులోంచి చిన్న ‘ఖ్’ వస్తుంది. ఛాతీ మీద అరచెయ్యి ఆనిస్తే లోపలి గరగర చేతికే తెలుస్తుంది. దిండు పొట్టకు హత్తుకుని, అద్దం మీద ఆవిరి ఊదినట్టు ‘హా’ అని గట్టిగా వదలమంటే ఆ గరగర చోటు మారుతుంది. అతనికి ముందు కావలసింది నొప్పి తగ్గడం, వీపు తట్టడం కాదు.

కండరాల బలహీనత ఉన్నవాళ్లకు దగ్గే బలం చాలదు. గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లో దగ్గితే ఆ వేగం నిమిషానికి 270 లీటర్ల కంటే తక్కువుంటే మామూలు జలుబు చేసినా జాగ్రత్త పడాలి. 160 కంటే తక్కువైతే కఫం సొంతంగా బయటికి తెచ్చుకోవడం కష్టం. శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై కఫం నిలిచిపోయే బ్రాంకియెక్టాసిస్ జబ్బులో చాలామందికి దగ్గు బలంగానే ఉంటుంది, కఫమే ఎక్కువ. ముగ్గురికీ ‘కఫం పట్టింది’ అనే అంటాం, చేయాల్సింది మాత్రం ముగ్గురికీ ఒకటి కాదు. కఫం తీసే పద్ధతులు కొన్ని వారాల్లో నేర్చుకోవచ్చు. ఎవరికి ఏది, ఎవరికి అసలేమీ అక్కర్లేదు అన్నది పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. మూడో ఏడాదిలోనే అది రాలేదని ఏ సీనియర్ అయినా అందరి ముందు తిట్టడం నాకు నచ్చదు.

ఇక స్పోర్ట్స్ ఫిజియో. ఇప్పుడు అందరి చూపూ అటే. నాకు మాత్రం అనుమానాలున్నాయి. టీవీలో మైదానంలోకి బ్యాగుతో పరుగెత్తే మనిషిని చూసి చాలామంది చేరుతున్నారు. ఒక జట్టుకు ఎందరు ఫిజియోలు కావాలి? నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చివరికి మామూలు క్లినిక్కుల్లో మోకాళ్లు, నడుములే చూస్తున్నారు. అది తక్కువ పనేం కాదు, కానీ వాళ్లు అనుకుని చేరింది అది కాదు. ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లు, సాయంత్రాలూ సెలవులూ వదులుకోగలవాళ్లు తప్పకుండా వెళ్లాలి. ఐసీయూ అంటే భయపడి వెళ్లకూడదు. అక్కడా గాయాన్ని తప్పుగా అంచనా వేసే రోజు వస్తుంది. అప్పుడెటు మారుస్తారు?

మీ మీదా నాకు కోపం వచ్చిందమ్మా. గళ్ల, ఉమ్మి అని మీరంతా చిన్నబుచ్చుతున్న పని ఒక మనిషికి ఊపిరాడేలా చేసే పని. ఆ పేషెంటు తర్వాత ఎలా ఉన్నాడని అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా? నాలుగు రోజులు ఏడ్చిందంటే ఆ మనిషిని పట్టించుకుందని అర్థం. నాకైతే ఆ పిల్ల మీద నమ్మకం కలిగింది.

మిగిలిన పోస్టింగ్‌లో రోజుకు ఇద్దరు పేషెంట్ల గురించి నోట్సు రాసుకోమనండి. నిమిషానికి ఎన్ని శ్వాసలు, అరచేతికి ఏం తెలిసింది, దగ్గించాక ఏం మారింది, ఈ మూడూ చాలు. వాటిని ఆ సీనియర్‌కే చూపించి దిద్దించుకోమనండి. ఇంటర్న్‌షిప్ అయ్యాక కూడా మనసు ఆటల వైపే ఉంటే, ఈసారి అమ్మాయినే రాయమనండి.