వైరు కోసే ముందు రెండో కొసను పట్టుకో

అమ్మడూ,

మిగిలిపోయిన వెల్డింగ్ వైరు స్పూళ్లు తెచ్చి గదిలో పెట్టుకున్నావని మీ అమ్మ చెప్పింది. పారేసేదాన్ని పనికి తెచ్చుకోవాలనే బుద్ధి నీకు వచ్చినందుకు ఎంత సంతోషమేసిందో, కళ్లకు దెబ్బ తగలకుండా పెట్టుకునే అద్దాలు పెట్టుకుంటున్నావో లేదోనని అంత టెన్షన్ పట్టుకుంది.

ముందు స్పూల్ మీద చీటీ చూడు. ఈఆర్70ఎస్-6 అని ఉంటే మామూలు స్టీలు, పైన కనిపించే ఎర్రటి మెరుపు రాగి పూత మాత్రమే. ఫ్లక్స్ కోర్డ్ అయితే లోపల పొడి నింపిన సన్న గొట్టం, గట్టిగా వంచితే నలిగిపోతుంది, కొక్కేలకు పనికిరాదు. దేనికది చీటీ కట్టి పొడిగా ఉన్న చోట పెట్టు.

ఇక అసలు సంగతి. నీ వయసులో నేను ఒక స్పూల్ చివర్న మిగిలిన చుట్టలు విప్పుతూ, రెండో కొసను పట్టుకోకుండానే కటింగ్ ప్లేయరుతో టక్కున కోశాను. స్పూల్ అడుగున చుట్టలు బిగుతుగా ఉంటాయి, వదిలితే స్ప్రింగులా ఎగురుతాయి. ఆ కొస ఎగిరి పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ మీ అమ్మకు తగిలింది. ఆమె కనుబొమ్మ మీది గాటు ఎప్పుడో పడితే తగిలిన దెబ్బని నీకు చెప్పింది కదూ? అది నేను చేసింది. వేలెడు కిందకి తగిలుంటే కన్ను పోయేది. చెల్లెలు ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఇప్పటికీ వైరు తెగిన చప్పుడు వింటే నా చెయ్యి దానంతటదే కంటి మీదకి పోతుంది.

అందుకే అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, నవ్వినా సరే మళ్లీ చెబుతాను. కోసే ముందు రెండో కొసను బూటు కింద తొక్కిపెట్టు, లేదా వైస్‌లో, అంటే బల్లకు ఉండే ఇనప పట్టులో, బిగించు. ఏ వస్తువు చేసినా కొసలను గుండ్రంగా లోపలికి మడిచేయి.

వంకర తీయాలంటే ఒక కొస వైస్‌లో, ఇంకో కొస డ్రిల్లులో బిగించి, లాగి పట్టుకుని నెమ్మదిగా తిప్పు. డ్రిల్లు తిరిగేటప్పుడు గ్లోవ్స్ వద్దు, చుట్టుకుంటాయి. అలా తిన్నగా అయిన ముక్కలు టిగ్ వెల్డింగ్‌లో ఫిల్లరుగా, అంటే అతుకులో కరిగించి నింపే కడ్డీగా, వాడుకోవచ్చు, తుప్పు పట్టినవి మాత్రం కాదు, అతుకులో బుడగలొస్తాయి. సన్నవి మొక్కలకు పందిరి కట్టడానికి, రంగు వేసిన ముక్కలు ఆరేయడానికి భలే పనికొస్తాయి. బరువులు మాత్రం వేలాడదీయకు, ఒకేచోట పదేపదే వంగితే చెప్పకుండా తెగుతుంది. ఫ్యూజ్ వైరుగా అసలే వాడకు, కరగాల్సినప్పుడు కరగదు, ఇల్లు కాలుతుంది.

మొదటి కొక్కెం ఫోటో పంపు, కొస మడిచావో లేదో చూస్తాను.

మామయ్య