పక్షవాతం తర్వాత ఇంటి వ్యాయామం, కొత్త చికిత్సలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఐదు వారాల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడు పక్కన మనిషి ఉంటే కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలను అమ్మా నేనూ రోజూ చేయిస్తున్నాము. ఇంట్లోవాళ్లు చేయించే వ్యాయామం వల్ల ఉపయోగం లేదని మన దేశంలోనే జరిగిన ఒక పెద్ద పరిశోధనలో తేలిందని మా బాబాయి చదివి చెప్పారు. ఇక మానేయవలసిందేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మానవద్దు. మీ బాబాయిగారు చదివినది నిజమే గాని, ఆ పరిశోధనలో దేనిని దేనితో పోల్చారో చూడకుండా ఫలితం ఒక్కటే చూస్తే ఇలాంటి పొరపాటు అభిప్రాయమే కలుగుతుంది. దాని పేరు ‘అటెండ్‌’. 2014 జనవరి నుంచి 2016 ఫిబ్రవరి వరకు దేశంలోని 14 ఆస్పత్రులలో 1,250 మంది పక్షవాత రోగులను చేర్చుకుని, ఫలితాలను 2017లో ‘లాన్సెట్‌’ పత్రికలో ప్రచురించారు. లాటరీ తీసినట్టు రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఇరువర్గాలకూ ఆయా ఆస్పత్రులలో మామూలుగా దొరికే వైద్యం, ఫిజియోథెరపీ అందించారు. ఒక వర్గంలో మాత్రం అదనంగా, రోగిని చూసుకునే కుటుంబ సభ్యులకు ఆస్పత్రిలో ఉండగానే శిక్షణ మొదలుపెట్టి, ఇంటికి వెళ్లాక కూడా రెండు నెలల వరకు కొనసాగించారు. ఆరు నెలలయ్యాక చూస్తే, మరణించినవారు, రోజువారీ పనులకు ఇతరుల మీద ఆధారపడవలసి వచ్చినవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతమే ఉన్నారు.

అంటే వ్యాయామం చేసినవారిని చేయనివారితో పోల్చిన పరిశోధన కాదిది. మామూలు వైద్యం పొందినవారిని, దానికి తోడు కుటుంబ శిక్షణ కూడా పొందినవారితో పోల్చారు. ఎవరూ ప్రత్యేకంగా నేర్పకపోయినా మన ఇళ్లలో భార్యో, కొడుకో, కోడలో పూనుకుని మనిషిని లేపి నడిపిస్తూనే ఉంటారు. అందువల్ల రెండు వర్గాల మధ్య అసలు తేడా కాగితం మీద ఉన్నంత ఉండి ఉండదని నా అభిప్రాయం. పైగా ఫలితాన్ని కొలిచిన కొలమానం చాలా స్థూలమైనది. మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా లేదా అన్నది చెబుతుందే తప్ప, కుడిచేత్తో చొక్కా గుండీ పెట్టుకోగలిగాడన్న సంగతి అందులో కనిపించదు. ఈ పరిశోధన నుంచి గట్టిగా తీయదగిన నిర్ణయం నిజానికి ప్రభుత్వాలకు సంబంధించినది: ఇంటివారికి నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి పంపిస్తే చాలు, ఫిజియోథెరపిస్టుల కొరత తీరిపోతుందనుకోవడానికి దీని తర్వాత వీలు లేదు. కాబట్టి మీరు వ్యాయామం కొనసాగిస్తూనే, రెండు మూడు వారాలకొకసారైనా ఫిజియోథెరపిస్టుకు చూపించి, నాన్నగారి ప్రగతిని బట్టి వ్యాయామాలను మార్పించుకోవాలి. మొదటి వారం నేర్పిన వాటినే మూడో నెలలోనూ చేయిస్తూ ఉండటం చాలా ఇళ్లలో కనిపించే లోపం.

ఖరీదైన యంత్రాలున్న కేంద్రానికి తీసుకువెళ్లలేకపోతున్నామన్న దిగులు మీకుంటే, అమెరికాలో 408 మందితో జరిపి 2011లో ప్రచురించిన ‘లీప్స్‌’ పరిశోధన దానిని కొంత తీరుస్తుంది. శరీర బరువును పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్‌ మీద నడిపించినవారికీ, ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి బలం, నిలకడ పెంచే వ్యాయామాలు క్రమంగా పెంచుతూ చేయించినవారికీ ఏడాది తర్వాత నడకలో తేడా కనిపించలేదు. మొత్తం మీద సగం మందికి పైగా నడకలో మెరుగుపడ్డారు. అయితే అక్కడ ఇంట్లో వ్యాయామం చేయించినది శిక్షణ పొందిన నిపుణుడన్న సంగతి మరువకూడదు.

చేతి విషయంలో ఒక మాట వివరంగా చెప్పాలి. పడిపోయిన చెయ్యి కాస్త కోలుకున్నా, మనిషి పనులన్నీ మంచి చేత్తోనే కానిచ్చేస్తుంటాడు. దాంతో ఆ చెయ్యి వాడుకలో లేక మరింత వెనకబడుతుంది. దీనికి విరుగుడుగా మంచి చేతికి రోజులో మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతిని 222 మంది మీద రెండు వారాల పాటు పరీక్షించగా, ఏడాది తర్వాత కూడా దాని మేలు నిలిచిందని 2006లో తేలింది. అందులో చేర్చుకున్నది పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైనవారిని, అదీ మణికట్టును, వేళ్లను కొంతైనా పైకి లేపగలిగినవారిని మాత్రమే. నాన్నగారికి ఐదు వారాలే అయింది కనుక తొడుగు సంగతి మీ ఫిజియోథెరపిస్టుకే వదిలేయండి. కానీ పనిలో పెట్టడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఉత్తినే చెయ్యి పైకీ కిందికీ ఆడించడం కన్నా పచ్చి బఠాణీలు ఒలవడం, తువ్వాలు మడతపెట్టడం, డబ్బా మూత తిప్పడం, గ్లాసు ఎత్తి బల్ల మీద మరోచోట పెట్టడం వంటి పనులు ఎక్కువసార్లు చేయించండి. మంచం మీద నుంచి లేపేటప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ ఆ చెయ్యి పట్టుకుని లాగవద్దు. కండరాల బిగువు తగ్గిన భుజం కీలు సులభంగా జారి, నెలల తరబడి నొప్పి పెడుతుంది. తలుపు పైన కప్పీ బిగించి తాడుతో చేతిని పైకి లాగించడం కూడా ఇదే కారణంగా మంచిది కాదు.

ప్రశ్న: మా అన్నయ్యకు 59 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే చెయ్యి తిరిగి వస్తుందని ఒక క్లినిక్‌ వారు చెబుతున్నారు. కొన్ని లక్షలు అడుగుతున్నారు. పొలం అమ్మాలనుకుంటున్నాము. ఇంకా ఏవైనా కొత్త చికిత్సలు ఉన్నాయా?
– పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: పొలం అమ్మవద్దు. రోగి ఎముక మజ్జ నుంచి తీసిన, మూలకణాలు కలిసి ఉండే కణాలను రక్తనాళం ద్వారా తిరిగి ఎక్కించే ప్రయోగాన్ని మన దేశంలోనే 5 కేంద్రాలలో 120 మందితో జరిపి, 2014లో ఫలితాలు ప్రకటించారు. కణాలు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ ఆరు నెలల తర్వాత తేడా లేదు; ఆ చికిత్స వల్ల హాని కనిపించలేదు, ప్రయోజనమూ కనిపించలేదు. అందులో చేరినవారు పక్షవాతం వచ్చి కొద్ది వారాలే అయినవారు. ఏడాదిన్నర గడిచిన మీ అన్నగారికి అదే బాగా పనిచేస్తుందని చెప్పేవారు, దానికి ఆధారమేమిటో ముందు చూపాలి. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణాల వాడకమంతా అనుమతి పొంది, మనుషుల మీద చికిత్సను పరీక్షించే క్లినికల్‌ ట్రయల్‌లో భాగంగానే జరగాలని కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌ 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ట్రయల్‌ అయితే, పరీక్షిస్తున్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడుగుతున్నారంటేనే అది పరిశోధన కాదని, రుజువైన చికిత్స అంతకన్నా కాదని అర్థం చేసుకోవచ్చు. ‘మేము సీటీఆర్‌ఐలో నమోదు చేయించుకున్నాము’ అని నంబరు చూపిస్తే మోసపోకండి. ట్రయల్స్‌ వివరాలు నమోదు చేసేందుకు 2007లో మొదలైన ఆ జాతీయ జాబితాలో పేరు ఉండటమంటే వివరాలు నమోదయ్యాయనే తప్ప, చికిత్స పనిచేస్తుందని ఎవరో ధ్రువీకరించినట్టు కాదు.

మొదట చిన్న పరిశోధన ఆశ పుట్టించడం, తర్వాత పెద్ద పరిశోధనలో అది నిలవకపోవడం ఈ రంగంలో మామూలే. ఫ్లూయాక్సెటిన్‌ అనే మానసిక కుంగుబాటు మాత్ర చేతికాళ్ల కదలికను పెంచుతుందని 2011లో ఫ్రాన్స్‌లో 118 మందితో జరిపిన పరిశోధన చెప్పింది. 2018లో వెలువడిన, బ్రిటన్‌లో 3,127 మందితో చేసిన ‘ఫోకస్‌’ పరిశోధనలో ఆ ప్రయోజనం కనిపించలేదు సరికదా, ఆ మాత్ర వాడినవారిలో ఎముకలు విరగడం ఎక్కువైంది. కుంగుబాటు మాత్రం తగ్గింది. కాబట్టి మీ అన్నగారికి కుంగుబాటు కోసమే డాక్టరు ఆ మాత్ర ఇచ్చి ఉంటే, ఇది చదివి ఆపివేయకూడదు.

కొత్తవాటిలో కాస్త గట్టి ఆధారమున్నది ఒకటి చెబుతాను. మెడలోని వేగస్‌ నాడికి ఛాతీలో అమర్చిన చిన్న పరికరంతో, వ్యాయామం చేస్తున్న క్షణంలోనే విద్యుత్‌ ప్రేరణ ఇచ్చే చికిత్స ఇది. పక్షవాతం వచ్చి 9 నెలల నుంచి 10 ఏళ్ల వరకు అయిన 108 మందితో బ్రిటన్‌, అమెరికాలలో దీనిని పరీక్షించారు. అందరికీ ఆపరేషన్‌ చేసి పరికరం అమర్చారు, అందరిచేతా ఒకే విధమైన వ్యాయామం చేయించారు. సగం మందికి మాత్రమే అసలు ప్రేరణ ఇచ్చారు. చెప్పుకోదగ్గ మెరుగుదల వారిలో 47 శాతం మందికి, రెండో సగంలో 24 శాతం మందికి కనిపించింది. ఫలితాలు 2021లో వెలువడ్డాయి, అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని ఆమోదించింది. ప్రేరణ ఇవ్వని వర్గంలోనూ దాదాపు నాలుగో వంతు మంది, ఏళ్లు గడిచాక కూడా, గట్టి వ్యాయామంతో మెరుగుపడ్డారన్న సంగతి మీ అన్నగారికి ఎక్కువ పనికొచ్చేది.

ప్రశ్న: ఒక కొత్త మందు పరిశోధనలో చేరమని మా మామయ్యను (74) ఆస్పత్రివారు అడిగారు. ఫారం అంతా ఇంగ్లిషులో ఉంది. ఆయనకు మాట సరిగ్గా రావడం లేదు. సంతకం పెట్టించవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్‌

జవాబు: ఆ ఫారం మీద పెట్టించవద్దు. పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం పరిశోధకుల బాధ్యత. తెలుగు ప్రతి అడిగి తీసుకోండి. చదవలేనివారి విషయంలో, పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి సమక్షంలో విషయమంతా వివరించాలి. మాట రానంత మాత్రాన మీ మామయ్యగారికి అర్థం కావడం లేదని అనుకోకూడదు. చాలామందికి మాట పోయినా గ్రహింపు ఉంటుంది. నెమ్మదిగా, చిన్న వాక్యాలలో చెప్పి, తల ఊపడం ద్వారానో సైగ ద్వారానో ఆయన ఇష్టాన్ని తెలుసుకోవాలి. నిజంగానే గ్రహింపు లేకపోతే, చట్టం అంగీకరించే ప్రతినిధి ఆయన తరఫున సంతకం చేయవచ్చు.

ఈ జాగ్రత్త ఎందుకో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టును మరుసటి ఏడాది కేంద్రం నిలిపివేసింది. తల్లిదండ్రుల బదులు హాస్టల్‌ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన సంగతి విచారణలో బయటపడింది. ఆ టీకా మంచిదేనన్నది వేరే విషయం. మంచి టీకా అయినా సమ్మతి సమ్మతే.

అడగవలసినవి ఇవి: కొత్త మందును దేనితో పోలుస్తున్నారు, ఉత్తుత్తి మాత్రతోనా, ఇప్పుడు వాడుతున్న మందుతోనా? ఇప్పుడు వాడే మందులలో ఏదైనా ఆపవలసి ఉంటుందా? ఎన్నిసార్లు రావాలి, దారి ఖర్చులు ఎవరివి? 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్‌ ట్రయల్స్‌ నియమాల ప్రకారం, ట్రయల్‌ వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడు కావాలన్నా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, అందువల్ల ఆయనకు అందే మామూలు వైద్యం ఆగకూడదు. సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి, పరిశోధనలో పాల్గొనేవారి రక్షణను చూసే ఎథిక్స్‌ కమిటీ ఫోన్‌ నంబరుతో సహా, మీ దగ్గర ఉంచుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే, చేరడానికి భయపడనవసరం లేదు.

ప్రశ్న: పరిశోధనలన్నీ వయసులో ఉన్నవారి మీదే చేస్తారు కదా, మా అమ్మకు 79 ఏళ్లు, పక్షవాతం ఏమీ లేదు గాని నడక తగ్గింది. ఈ వయసులో వ్యాయామం మేలు చేస్తుందనడానికి ఆధారం ఉందా?
– ఒక పాఠకుడు, డాలస్‌

జవాబు: వృద్ధులను, అందులోనూ రెండు మూడు జబ్బులున్నవారిని, ట్రయల్స్‌లో చేర్చుకోవడం తక్కువేనన్న మీ ఫిర్యాదు సమంజసమైనది. అయితే మీరు అడిగిన విషయానికి మీరున్న దేశంలోనే సమాధానం ఉంది. ‘లైఫ్‌’ అనే పరిశోధనలో 70 నుంచి 89 ఏళ్ల మధ్యవారిని 1,635 మందిని చేర్చుకున్నారు. ఒక వర్గం చేత వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా, బలానికి, నిలకడకు వ్యాయామాలు కలిపి చేయించారు. రెండో వర్గానికి ఆరోగ్య విషయాల మీద తరగతులు పెట్టారు. సగటున రెండున్నరేళ్లు దాటాక, 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవారు వ్యాయామ వర్గంలో 30.1 శాతం, తరగతుల వర్గంలో 35.5 శాతం. ఇది 2014లో వెలువడింది. తేడా చిన్నదిగా కనిపించవచ్చు గాని, ఆ వయసులో వీధి చివరి దాకా ఒంటరిగా వెళ్లిరాగలగడం ఎంత పెద్ద సంగతో మీ అమ్మగారినే అడగండి. ఒక షరతు ఉంది: చేరేనాటికి వారందరూ 400 మీటర్లు ఇతరుల సాయం లేకుండా నడవగలిగినవారే. అంత దూరం ఇప్పటికే నడవలేకపోతుంటే, ఎముకలు, గుండె, కంటిచూపు పరీక్షించి, పడిపోయే ప్రమాదం అంచనా వేయించాకే ఫిజియోథెరపిస్టు సమక్షంలో మొదలుపెట్టించండి.