టెక్ సందేహాలు: విండోలను బండల్లా పరుచుకోవాలంటే

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు టైలింగ్ విండో మేనేజర్ల గురించే. పేరు కొత్తగా అనిపిస్తే ఒక్క మాటలో చెబుతాను. మామూలు డెస్క్‌టాప్‌లో విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిని మౌస్‌తో మనమే జరుపుకోవాలి. టైలింగ్‌లో అలా కాదు. వసారాలో తాండూరు బండలు పరిచినట్టు సందు లేకుండా, ఒకదాని పక్కన ఒకటి వాటంతటవే సర్దుకుంటాయి. పని అంతా కీబోర్డు మీదే. లినక్స్‌లో ఇందుకు చాలామంది వాడేవాటిలో ఒకటి ఐ3. మైఖేల్ స్టాపెల్‌బెర్గ్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 2009 నుంచీ ఉంది. కమాండ్లను కింద తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, మీరు టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

ఉబుంటులో ఐ3 వేసి, ఇంటర్నెట్‌లో దొరికిన 400 లైన్ల కాన్ఫిగ్ ఫైల్ తెచ్చి పెట్టాను. స్క్రీన్‌షాట్‌లో చాలా బాగుంది. నా దగ్గర మాత్రం పైన ఎర్ర పట్టీ వస్తోంది, వాల్యూమ్ కీలు పనిచేయడం లేదు, ఏ కీ దేనికో తెలియడం లేదు. ఎలా సరిచేయాలి?
— ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

సరిచేయకండి, తీసేయండి. కాన్ఫిగ్ ఫైల్ అంటే ఐ3 ఎలా నడవాలో రాసి ఉంచే ఫైల్. మీరు తెచ్చుకున్నది ఇంకొకరు తమ కీబోర్డుకు, తమ స్క్రీన్‌కు, తాము వేసుకున్న ప్రోగ్రాములకు తగ్గట్టు రాసుకున్నది. అందులో రోఫీ, పాలీబార్, పైకామ్ లాంటి వేరే ప్రోగ్రాముల పేర్లు ఉండే ఉంటాయి. అవి మీ కంప్యూటర్‌లో లేకపోతే ఆ లైన్లు పనిచేయవు. ఒకరి కొలతలతో కుట్టిన చొక్కా మనకు సరిపోకపోతే తప్పు చొక్కాది కాదు కదా.

హోమ్ ఫోల్డర్‌లో డాట్‌కాన్ఫిగ్ అని దాగి ఉండే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఐ3, దానిలో కాన్ఫిగ్ అనే ఫైల్. దాని పేరు మార్చి పక్కన పెట్టండి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. కాన్ఫిగ్ కనిపించకపోతే ఐ3 మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంది. కొత్త ఫైల్ రాసిపెట్టమంటారా అన్నది మొదటిది, అవుననండి. మాడ్ కీగా, అంటే ఐ3 ఆదేశాలకు మిగతా కీలతో కలిపి పట్టుకునే కీగా, విండోస్ కీ కావాలా, ఆల్ట్ కావాలా అన్నది రెండోది. విండోస్ కీ ఎంచుకోండి. ఆల్ట్‌ను మిగతా ప్రోగ్రాములు మెనూల కోసం, బ్రౌజర్ వెనక్కి వెళ్లడం కోసం వాడుకుంటాయి. దాన్ని ఐ3కి ఇచ్చేస్తే రోజూ గొడవే.

ఇప్పుడు మీ ముందు ఖాళీ స్క్రీన్, కింద సన్న పట్టీ తప్ప ఏమీ ఉండవు. కంగారు పడొద్దు. మొదటి రోజు ఈ కీలు చాలు: మాడ్, ఎంటర్ కలిపి నొక్కితే కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ వస్తుంది. మాడ్, డి నొక్కితే ప్రోగ్రాం పేరు టైప్ చేసే పట్టీ వస్తుంది, దాని పేరు డీమెనూ. మాడ్, షిఫ్ట్, క్యూ విండోను మూసేస్తుంది. మాడ్‌తో 1 నుంచి 0 వరకు అంకెలు నొక్కితే పది వర్క్‌స్పేస్‌లు, అంటే విడివిడిగా పది తెరలు ఉన్నట్టు. షిఫ్ట్ కూడా కలిపితే ఎదురుగా ఉన్న విండో ఆ అంకె వర్క్‌స్పేస్‌కు వెళ్లిపోతుంది. ఒక విండో నుంచి ఇంకోదానికి మాడ్, బాణం కీలు.

రెండో రోజు మీకో చిక్కు ఎదురవుతుంది. మూడో విండో, నాలుగో విండో తెరిచేసరికి అన్నీ పక్కపక్కనే చేరి రిబ్బన్లలా సన్నబడిపోతాయి. చాలామంది ఐ3ని వదిలేసేది ఇక్కడే. కొత్త విండో ఎటు పడాలో ముందే చెప్పాలన్నది తెలియకపోవడమే కారణం. మాడ్, వి నొక్కి ఆ తర్వాత తెరిస్తే కొత్త విండో కిందకు వస్తుంది. మాడ్, హెచ్ నొక్కితే పక్కకు వస్తుంది. అప్పటికే పరుచుకున్నవాటి దిశ మార్చాలంటే మాడ్, ఇ. విండోలు మరీ ఎక్కువైతే మాడ్, డబ్ల్యూ నొక్కండి, బ్రౌజర్ ట్యాబుల్లా ఒకదాని వెనుక ఒకటి చేరతాయి. నేను మాత్రం ఒక వర్క్‌స్పేస్‌లో మూడు విండోలు దాటనివ్వను. నాలుగోది అవసరమైతే దానికి ఇంకో అంకె ఇస్తాను.

అసలు ఐ3లో నాకు నచ్చినదల్లా ఆ అంకెలే. నా కంప్యూటర్‌లో 1 ఎప్పుడూ బ్రౌజర్. 2 రాత, ఎడమ సగంలో మీ ఉత్తరం, కుడి సగంలో నా జవాబు. 3 మెయిల్, 9 పాటలు. ఇన్నేళ్లలో ఈ అంకెలు మార్చలేదు. వంటింట్లో పోపుల డబ్బా ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్లినట్టు, మెయిల్ అనుకోగానే వేలు 3 మీదకు వెళ్లిపోతుంది. మీరూ అలా అంకెలు ఖాయం చేసుకోండి. ఐ3ని మార్చుకోవడం అంటే ముందు ఇది, రంగులూ అంచులూ తర్వాత.

ప్రోగ్రాం తెరవగానే తన అంకెకు తానే వెళ్లేలా కాన్ఫిగ్‌లో అసైన్ లైన్ ఒకటి రాయొచ్చు. దానికి ఆ ప్రోగ్రాం క్లాస్ పేరు కావాలి. టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ అని కొట్టండి. మౌస్ గుర్తు కూడిక గుర్తులా మారుతుంది. దాంతో ఆ విండో మీద నొక్కితే టెర్మినల్‌లో చాలా లైన్లు వస్తాయి. వాటిలో డబ్ల్యూఎం క్లాస్ అన్న లైన్ చూడండి. దాని ఎదురుగా కోట్‌లలో రెండు పేర్లుంటాయి. ఐ3కి కావలసిన క్లాస్ రెండోది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అక్కడ ఎలా ఉన్నాయో అలాగే రాయాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా లైన్ పనిచేయదు, తప్పు అని చెప్పదు కూడా. కాలిక్యులేటర్ లాంటి చిన్న విండోలు బండల్లో కలవకుండా పైన తేలాలంటే అదే క్లాస్ పేరుతో ఫర్‌విండో లైన్ రాసి, చివర ఫ్లోటింగ్ ఎనేబుల్ అనండి.

ఇక ఎర్ర పట్టీ. దాన్ని చూసి చాలామంది టెన్షన్ పడతారు గానీ అది మేలు చేసేదే. కాన్ఫిగ్‌లో తప్పు ఉందని చెబుతూనే, ఆ పట్టీ మీదే తప్పులు చూపించే బటన్ ఇస్తుంది. తప్పు రాసిన లైన్‌ను వదిలేసి మిగతావాటితో ఐ3 నడుస్తూనే ఉంటుంది. అందుకే ఒకసారి ఒక్క లైనే రాయండి. సేవ్ చేసి మాడ్, షిఫ్ట్, సి నొక్కండి, కాన్ఫిగ్ మళ్లీ చదువుకుంటుంది. ఎర్ర పట్టీ వచ్చిందంటే తప్పు ఇప్పుడు రాసిన లైన్‌లోనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. 400 లైన్లు ఒక్కసారి దించుకుంటే ఈ సౌకర్యం ఉండదు.

ఇంకొక్క జాగ్రత్త. చాలా ఏళ్ల కిందట మాడ్, షిఫ్ట్, పి నొక్కితే కంప్యూటర్ ఆగిపోయేలా పెట్టుకున్నాను. ఒక రాత్రి వేలు జారి అదే నొక్కుకుపోయింది. సేవ్ చేయని రెండు పేజీల వ్యాసం పోయింది. మళ్లీ రాశాను గానీ మొదటి రాతలో కుదిరిన వాక్యాలు తిరిగి రాలేదు. షట్‌డౌన్, రీస్టార్ట్ లాంటి వాటిని ఎప్పుడూ ఒక్క మీటకు కట్టకండి. ఐ3లో మోడ్ అని ఒక ఏర్పాటు ఉంది. ముందు ఒక కీ నొక్కి ఆ మోడ్‌లోకి వెళ్లాలి, అక్కడ పి నొక్కితేనే ఆగుతుంది, ఎస్కేప్ నొక్కితే బయటకు వచ్చేస్తుంది. మీ కాన్ఫిగ్‌లో విండో సైజు మార్చడానికి రీసైజ్ అనే మోడ్ ఇప్పటికే రాసి ఉంటుంది. దాన్నే నమూనాగా తీసుకోండి.

వాల్యూమ్ కీల సంగతి: కొత్త వెర్షన్ల మామూలు కాన్ఫిగ్‌లో ఆ లైన్లు ఉంటాయి, పాత ఫైల్ తీసేయగానే పనిచేయాలి. ల్యాప్‌టాప్ అయితే స్క్రీన్ వెలుతురు కీలకు మాత్రం మీరే బ్రైట్‌నెస్‌సీటీఎల్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకుని రెండు లైన్లు రాసుకోవాలి. విండోల మధ్య ఖాళీ కావాలంటే గ్యాప్స్ అనే లైన్ చాలు. అందుకోసం ఒకప్పుడు వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సి వచ్చేది, 2023లో వచ్చిన 4.22 వెర్షన్ నుంచి ఐ3లోనే కలిపేశారు.

ఇంతకుముందు విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు వచ్చేది. ఐ3కి మారాక రావడం లేదు. డీమెనూతో ఫైళ్లు వెతుక్కునే చిన్న స్క్రిప్టు పెట్టుకున్నాను, అందులో తెలుగు పేర్ల ఒత్తులు విడిపోతున్నాయి. మళ్లీ పాత డెస్క్‌టాప్‌కే వెళ్లిపోవాలా?
— తెలుగు ఉపాధ్యాయిని, అనంతపురం

వద్దమ్మా, రెండింటికీ దారి ఉంది. తెలుగులో రాసుకునేవాళ్లందరికీ పనికొచ్చే ప్రశ్న అడిగారు.

గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లో భాష మార్చే ఐబస్‌ను ఆ డెస్క్‌టాపే వెనకనుంచి నడిపిస్తుంది. ఐ3 అలాంటివేమీ తనంతట చేయదు, మనం చెప్పినవే చేస్తుంది. ముందు టైపింగ్ పద్ధతిని ఎంచుకునే ఐఎం-కాన్ఫిగ్ అనే ప్రోగ్రాం నడిపి ఐబస్‌ను ఎంచుకోండి. లాగౌట్ అయి వచ్చాక ఐబస్ గుర్తు కింది పట్టీలో కనిపించకపోతే, కాన్ఫిగ్ చివర ఎగ్జెక్ లైన్ రాసి ఐబస్-డీమన్‌ను పిలవండి. పక్కన హైఫన్ పెట్టి డి, ఆర్, ఎక్స్ అక్షరాలు చేర్చండి. ఎగ్జెక్ లైన్లు లాగిన్ అయినప్పుడే నడుస్తాయి, కాన్ఫిగ్ మళ్లీ చదివిస్తే నడవవు. కాబట్టి మరోసారి లాగిన్ కావాలి.

అయినా మీ పాత కీ పనిచేయదు. మాడ్, స్పేస్ కలిపి నొక్కడాన్ని ఐ3 తన పనికి వాడుకుంటోంది, తేలే విండోల నుంచి బండల్లోని విండోలకు మారడానికి. మీరు నొక్కింది ఐబస్ దాకా చేరనే చేరదు. ఐబస్-సెటప్ తెరిచి, భాష మార్చే కీని కంట్రోల్, స్పేస్‌గా మార్చండి. లేదంటే ఐ3 కాన్ఫిగ్‌లో ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి పక్కన పడేయండి. నేను రెండోదే చేశాను, ఎందుకంటే ఏళ్లుగా వేళ్లకు అలవాటైన కీ అది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ పద్ధతి మీకు అలవాటైతే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేయండి, ఇన్‌స్క్రిప్ట్ కూడా అందులో ఉంటుంది.

ఇప్పుడు ఒత్తులు. తప్పు మీ ఫాంటుది కాదు. 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒక అక్షరం కింద ఇంకోటి ఒదిగి కూర్చోవాలంటే, అక్షరాలను కలిపి గీసే పని ఎవరో ఒకరు చేయాలి. చాలా ప్రోగ్రాముల్లో ఆ పని పాంగో అనే లైబ్రరీ చేస్తుంది. డీమెనూ చిన్నదిగా ఉండాలని పాంగోను వాడదు, ఒక్కో అక్షరాన్ని విడిగా వరసలో పేర్చేస్తుంది. 'లక్ష్మి' రాస్తే పొల్లులతో విడివిడిగా ముక్కలు కనిపిస్తాయి. రోఫీ పాంగోతోనే గీస్తుంది. అది వేసుకుని, మీ స్క్రిప్టులో డీమెనూ ఉన్నచోట రోఫీ అని, పక్కన హైఫన్‌తో డీమెనూ అని మార్చండి. ఆ హైఫన్‌తో రోఫీ డీమెనూలాగే నడుచుకుంటుంది, మిగతా స్క్రిప్టు ముట్టుకోనక్కర్లేదు.

ఐ3 టైటిల్ పట్టీలకు కూడా పాంగో ఫాంటు ఇవ్వండి. ఫాంట్ లైన్‌లో పాంగో, కోలన్, నోటో శాన్స్ తెలుగు, పక్కన 11 అని రాస్తే సరి. డబ్బాలు కనిపిస్తుంటే ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేయండి, పోతన, వేమన ఫాంట్లూ దాంతోపాటే వస్తాయి. ఎక్స్‌టర్మ్ లాంటి పాత టెర్మినళ్లలో మాత్రం తెలుగు చదివే ప్రయత్నం చేయొద్దు, అక్కడా డీమెనూ కథే. పిల్లల మార్కులో, పాఠాలో చూసుకోవాలంటే మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. మన భాష స్క్రీన్ మీద ముక్కలై కనిపిస్తే సర్దుకుపోవలసిన పని లేదు.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్. ఐ3 వేస్తే వేగం పెరుగుతుందా?
— స్టేషనరీ షాపు యజమాని, కరీంనగర్

కొంచెం. బరువైన డెస్క్‌టాప్ తీసేసినందుకు కొన్ని వందల ఎంబీ మిగలొచ్చు. కానీ మీ ర్యామ్‌ను తినేది బ్రౌజర్. పది ట్యాబులు తెరిస్తే ఐ3 మిగిల్చింది అటే పోతుంది. ఇంకా హార్డ్‌డిస్క్ మీదే నడుస్తుంటే ముందు చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి, తేడా మొదటిరోజే తెలుస్తుంది. బిల్లులు మీతో పాటు షాపులో ఇంకెవరైనా కొడుతుంటే ఐ3 వద్దు. ఆ మనిషికి ఈ కీలు తెలియవు, గిరాకీ ఎదురుగా నిలబడి ఉంటాడు.

డీడబ్ల్యూఎం, స్వే కూడా బాగున్నాయంటున్నారు. ఐ3తో మొదలుపెట్టాలా, వాటితోనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నం

ఐ3తోనే. డీడబ్ల్యూఎంకు కాన్ఫిగ్ ఫైలే ఉండదు. రంగు మార్చాలన్నా సీ భాషలోని హెడర్ ఫైల్ దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. కోడ్ మొత్తం 2000 లైన్లు దాటకూడదన్నది దాన్ని రాసినవాళ్ల నియమం. కాబట్టి సీ వచ్చినవాళ్లు ఒక వారాంతంలో అంతా చదివేయొచ్చు. చదవాలన్న కోరిక ఉంటే అంతకంటే మంచి పాఠం ఉండదు. స్వే అంటే వేలాండ్ మీద, అంటే లినక్స్‌లో విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి మీద, నడిచే ఐ3 అనుకోండి. మీ ఐ3 కాన్ఫిగ్‌ను దాదాపుగా ఉన్నదున్నట్టు చదువుతుంది. అందుకే ఇప్పుడు ఐ3 నేర్చుకుంటే రేపు స్వేకి మారినా ఆ నేర్పు వృథా కాదు. వేర్వేరు స్కేలింగ్ కావలసిన రెండు మానిటర్లు ఉన్నవాళ్లకు స్వే నయం. ఎన్‌విడియా సొంత డ్రైవర్ వాడుతుంటే మాత్రం దానికి స్వే అధికారికంగా మద్దతు ఇవ్వదు.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో విండోస్ 11. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వరు. ఇలాంటిది ఏమైనా కుదురుతుందా?
— బ్యాంకు ఉద్యోగిని, బెంగళూరు

పూర్తిగా కుదరదు గానీ సగం కుదురుతుంది. విండోస్ కీతో జెడ్ నొక్కండి, స్క్రీన్‌ను ఎలా పంచాలో బొమ్మలు వస్తాయి, వాటి పక్కన ఉన్న అంకె నొక్కితే విండో అక్కడికి చేరుతుంది. విండోస్ కీ, బాణాలు కలిపితే సగాలు, పావులు. విండోస్ కీ, కంట్రోల్, డి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. కంట్రోల్ వదలకుండా విండోస్ కీతో ఎడమ, కుడి బాణాలు నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లొచ్చు. అంకెలతో నేరుగా దూకే వీలు విండోస్‌లో లేదు, అదొక్కటే లోటు. మీ ఐటీ విభాగం ఎప్పుడైనా ఒప్పుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్ అడగండి. అందులోని ఫ్యాన్సీజోన్స్‌తో స్క్రీన్‌ను మీకు నచ్చినట్టు గళ్లుగా గీసుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని విండోను లాగితే ఆ గడిలో కూర్చుంటుంది. అప్పటిదాకా మొదటి డెస్క్‌టాప్‌లో మెయిల్, రెండోదానిలో ఎక్సెల్ మాత్రమే ఉంచి వారం రోజులు పని చేసి చూడండి. ఎలా ఉందో రాయండి.