మామయ్య సభ్యులు 213 మంది, తెర మీద 144 మంది

ప్రశ్న: మా మామయ్య 1990లలో గుంటూరులో ఇంటి ఫోను లైను మీద ఒక బులెటిన్ బోర్డ్ (సభ్యులు మోడెమ్‌తో ఫోను చేసి సందేశాలు, ఫైళ్లు పంచుకునే కంప్యూటర్) నడిపేవారు. టర్బో సీ అనే పాత సీ కంపైలర్‌లో ఆయనే రాసుకున్న సోర్స్ కోడ్, సభ్యుల ఫైలు దొరికాయి. మోడెమ్ భాగం పక్కన పెట్టి, సభ్యుల జాబితా చూపే ముక్కను మాత్రం లైనక్స్ ల్యాప్‌టాప్‌లో జీసీసీ అనే నేటి కంపైలర్‌తో కంపైల్ చేశాను. మొదటి సభ్యుడి పేరు బాగానే వచ్చింది, వయసు మాత్రం కోట్లలో ఉంది. రెండో పేరు ఖాళీ. తర్వాత అన్నీ పిచ్చి గుర్తులు. 144 మంది దగ్గర ఆగిపోయింది. ఫైలు సైజు 8,094 బైట్లు. పాడైపోయిందా? (ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఫైలుకు ఏమీ కాలేదు. మామయ్య కోడ్‌లోనూ తప్పు లేదు. ఆయన కంపైలర్ కొలతలు వేరు, మీ కంపైలర్ కొలతలు వేరు.

మీరు పంపిన రికార్డులో నాలుగే గడులున్నాయి. పేరుకు 31 అక్షరాల చోటు, వయసుకు ఇంట్ (పూర్ణాంకం), చివరిసారి ఫోను చేసిన సమయానికి లాంగ్ (పెద్ద పూర్ణాంకం), హోదాకు ఒక క్యార్ (ఒక అక్షరం). టర్బో సీలో ఇంట్ 2 బైట్లు, లాంగ్ 4. ప్రత్యేకంగా అడిగితే తప్ప అది గడుల మధ్య ఖాళీ వదలదు. 31, 2, 4, 1 కలిపితే 38. మీ 8,094ను 38తో భాగించి చూడండి. సరిగ్గా 213 వస్తుంది, శేషం లేదు. 213 మందీ క్షేమంగా ఉన్నారు. మామయ్య వర్డ్ అలైన్‌మెంట్ (గడులను సరి సంఖ్య బైట్ల దగ్గర మొదలుపెట్టే) ఆప్షన్ పెట్టుకుని ఉంటే రికార్డు 40 అయ్యేది. 8,094ను 40 నిశ్శేషంగా భాగించదు కాబట్టి ఆ అనుమానం కూడా అక్కర్లేదు.

64 బిట్ లైనక్స్‌లో జీసీసీకి ఇంట్ 4 బైట్లు, లాంగ్ 8. పైగా నాలుగు బైట్ల గడి నాలుగు గుణిజం దగ్గర, ఎనిమిది బైట్లది ఎనిమిది గుణిజం దగ్గర మొదలు కావాలని పట్టుబట్టి మధ్యలో ఖాళీలు వదులుతుంది. అదే రికార్డు 56 బైట్లకు ఉబ్బుతుంది. మొదటి పేరు ఫైలు మొదట్లోనే ఉంది కాబట్టి బాగా వచ్చింది. రెండో సభ్యుడు 38వ బైటు దగ్గర మొదలైతే మీ ప్రోగ్రాము 56 దగ్గర వెతుకుతోంది, అంటే ఆయన పేరులో 18 అక్షరాలు దాటిపోయాక. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టుకునే మన పేర్లు చాలావరకు అంత దూరం రావు, అందుకే ఖాళీ.

ఆ కోట్ల వయసు నాకు భలే నచ్చింది. దాన్ని 256తో భాగించండి, శేషం సున్నా వస్తుంది. కొత్త ప్రోగ్రాము ఒక బైటు ఆలస్యంగా చదవడం మొదలుపెట్టడంతో, దానికి మొదట దొరికింది పాత వయసులోని పై బైటు. 255 ఏళ్లు దాటిన సభ్యుడు ఉండడు కాబట్టి అది సున్నా; శేషాన్ని నిర్ణయించేది ఆ మొదటి బైటే. మిగిలిన మూడు బైట్లూ చివరి కాల్ సమయం నుంచి ఊడి వచ్చినవి. ఆయన ఎప్పుడు ఫోను చేశారో మీరు వయసు గడిలో చూస్తున్నారు.

మందు తేలికే. వయసును 16 బిట్ల స్థిర పరిమాణపు రకంగా, సమయాన్ని 32 బిట్ల స్థిర రకంగా ప్రకటించండి. సీలో 1999 నుంచి ప్రమాణంలో ఉన్న స్టడ్‌ఇంట్ హెడర్‌లో అవి ఉంటాయి. ఆ రికార్డుకు పైన ప్యాక్ ప్రాగ్మా 1 (మధ్యలో ఖాళీలు వదలవద్దని కంపైలర్‌కు ఇచ్చే సూచన) అని పెట్టండి. సైజు 38 అని ప్రోగ్రాము చేతే అనిపించాకే ముందుకు వెళ్లండి. అయితే ఈ ఇరుకు రికార్డును కొత్త ప్రోగ్రాము నిండా వాడవద్దు. పాతది చదివి కొత్త ఫైలులోకి రాసే చిన్న ప్రోగ్రాము ఒకటి విడిగా చేసుకుని, సమయాన్ని అక్కడే 64 బిట్లకు పెంచండి. సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న మన సమయం ఉదయం 8:44:07కు నిండిపోతుంది.

సమయం గురించి ఇంకో మాట. పేర్లు చక్కబడ్డాక చివరి కాల్ వేళలు చూసి, గుంటూరు కుర్రాళ్లు రోజూ తెల్లవారాకే ఫోను చేసేవారని అనుకోకండి. మామయ్య కాలపు ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌లో టైమ్‌జోన్ పెట్టకపోతే టర్బో సీ తాను అమెరికా తూర్పు తీరంలో ఉన్నట్టే లెక్క వేసుకుంటుంది. కాబట్టి రాత్రి 9 గంటల కాల్ మీకు మర్నాడు ఉదయం 7:30గా కనిపిస్తుంది. పదిన్నర గంటలు తగ్గించండి. అమెరికాలో వేసవి సమయం నడిచే నెలల్లో తొమ్మిదిన్నర. మామయ్య ఆటోఎగ్జెక్ ఫైలు (కంప్యూటర్ మొదలవగానే డాస్ నడిపే ఆదేశాల జాబితా) కూడా దొరికితే అందులో టైమ్‌జోన్ పెట్టారో లేదో చూసుకోండి.

పక్కన పెట్టిన మోడెమ్ భాగానికి వస్తాను. దాన్ని ముట్టుకునే ముందు పాత ఎగ్జిక్యూటబుల్‌ను (కంపైల్ అయిన ప్రోగ్రాము ఫైలును) డాస్‌బాక్స్‌లో, అంటే డాస్‌ను అనుకరించే ప్రోగ్రాములో, బతికించండి. కాన్ఫిగరేషన్ ఫైలులో మొదటి సీరియల్ పోర్టును మోడెమ్‌గా చెప్పి, వినవలసిన పోర్టు 5000 అని ఇవ్వండి. టెల్‌నెట్‌తో (నెట్‌వర్క్ మీద అక్షరాలు పంపుకునే పాత పద్ధతితో) ఆ పోర్టుకు వెళ్తే పాపం ఆ ప్రోగ్రాము ఫోను మోగిందనే అనుకుంటుంది. మీరు మార్చిన ప్రతి ముక్కనూ దీని పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. చాలామంది ఈ పని చేయకుండా కోడ్ మీద పడతారు, నెల తర్వాత అసలుది ఎలా ఉండేదో గుర్తుండదు.

కోడ్‌లో 3ఎఫ్8 అనే అంకె ఎక్కడెక్కడ ఉందో వెతకండి. అది కామ్1 సీరియల్ పోర్టు చిరునామా. దాన్ని నేరుగా తాకే వరుసలన్నీ పోయి, వాటి స్థానంలో సాకెట్ (నెట్‌వర్క్ మీద రెండు ప్రోగ్రాములను కలిపే లంకె) రావాలి. ఒక అక్షరం పంపడం, ఒక అక్షరం అందుకోవడం, అవతలివాడు లైనులో ఉన్నాడా అని చూడడం, ఈ మూడు ఫంక్షన్లు మారిస్తే మిగతా మెనూలకు తేడా తెలియదు. లైను తెగడాన్ని పాత కోడ్ క్యారియర్ సంకేతం (లైను కలిసే ఉందని మోడెమ్ చెప్పేది) పడిపోవడం బట్టి పట్టుకునేది. సాకెట్‌లో అయితే చదవబోతే సున్నా బైట్లు వస్తాయి. ఆ సున్నాను పట్టించుకోకపోతే వెళ్లిపోయినవాడి కోసం ప్రోగ్రాము అర్ధరాత్రి దాకా మెనూ చూపిస్తూనే ఉంటుంది. ఫైళ్లు పంపే భాగంలో 255 అనే బైటు వస్తే రెండుసార్లు పంపాలి, టెల్‌నెట్‌లో అది ఆజ్ఞలకు కేటాయించిన బైటు. కీ నొక్కేదాకా ఖాళీగా తిరిగే లూపులను పోల్ పిలుపుతో (ఏదైనా వచ్చేదాకా ప్రోగ్రామును నిద్రపుచ్చేది) మార్చండి, లేకపోతే ల్యాప్‌టాప్ ఫ్యాను గోల భరించలేరు.

మెనూల చుట్టూ ఉండే డబ్బా గీతల స్థానంలో వింత గుర్తులు కనిపిస్తే, అవి ఐబీఎం కోడ్ పేజీ 437 (పాత పీసీల అక్షరాల పట్టిక) గీతలు. 256 వరుసల పట్టిక ఒకటి రాసి, పంపేటప్పుడు యూటీఎఫ్-8గా మార్చండి. తెలుగులో పేర్లు పెట్టాలనుకుంటే 31 బైట్ల గడి చాలదు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. 'విజయవాడ'కు గుణింతాలతో కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు. 'గుంటూరు'కూ 21. ఈ ఒక్క విషయంలో రెండు ఊళ్లకూ పేచీ లేదు.

మామయ్య మిగతా ఫైళ్లలో ఫోను నంబర్లో, సంకేతపదాలో ఉంటే వాటిని ఎక్కడా ఎక్కించకండి. కొందరు ఇప్పటికీ అదే సంకేతపదం వాడుతూ ఉండవచ్చు, నవ్వకండి.

ప్రశ్న: టర్బో పాస్కల్‌లో రాసిన పాత ఆట నడిపితే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని ఆగిపోతోంది. అంటే సున్నాతో భాగహారమట. కోడ్ అంతా వెతికాను, భాగహారమే లేదు. (పటమట, విజయవాడ)

జవాబు: భాగహారం మీ కోడ్‌లో లేదు, టర్బో పాస్కల్‌తో వచ్చే సీఆర్‌టీ యూనిట్‌లో (తెర, కీబోర్డు పనులు చూసే సిద్ధ కోడ్‌లో) ఉంది. ప్రోగ్రాము మొదలవగానే అది 55 మిల్లీసెకన్లలో యంత్రం ఒక ఖాళీ లూపును ఎన్నిసార్లు తిప్పుతుందో లెక్కపెట్టి 55తో భాగిస్తుంది. యంత్రం మరీ వేగంగా ఉంటే జవాబు 16 బిట్లలో పట్టదు, ప్రాసెసర్ దాన్నీ భాగహార దోషంగానే చెబుతుంది. డాస్‌బాక్స్‌లో సైకిళ్లు, అంటే అది అనుకరించే వేగం, తగ్గిస్తే నడుస్తుంది. సోర్స్ ఉంది కాబట్టి ఫ్రీ పాస్కల్‌లో టర్బో పాస్కల్ మోడ్‌లో కంపైల్ చేయడం మేలు, అందులో ఇంటిజర్ 16 బిట్లుగానే ఉంటుంది. స్కోర్ల ఫైలులో రియల్ (దశాంశ సంఖ్యల) రకం ఉంటే మాత్రం ఆగండి. పాతది 6 బైట్లు, కొత్తది 8.

ప్రశ్న: ఐదుంపావు అంగుళాల ఫ్లాపీలు పది ఉన్నాయి. యూఎస్‌బీ డ్రైవు కొంటే చదవగలనా? (మంగళగిరి)

జవాబు: బజారులో దొరికే యూఎస్‌బీ డ్రైవులు మూడున్నర అంగుళాలవి. మీకు ఫ్లాపీ కనెక్టర్ ఉన్న పాత కంప్యూటర్ కావాలి, లేదా పాత ఫ్లాపీ డ్రైవును యూఎస్‌బీకి కలిపే గ్రీస్‌వీజిల్ వంటి బోర్డుతో పాటు పాత డ్రైవు ఒకటి. ముందు కిటికీ దగ్గర వెలుతురులో ప్రతి డిస్కునూ మెల్లగా తిప్పి చూడండి. తెల్లటి మచ్చలుంటే అది బూజు, డ్రైవులో పెట్టవద్దు. నేను ఒకసారి తొందరపడి పెట్టాను. హెడ్‌కు అంటుకున్న బూజు ఆ తర్వాత పెట్టిన మంచి డిస్కు మీద కూడా గీత గీసింది, అందులో ఉన్నది నా మొదటి ప్రోగ్రాము. శుభ్రంగా ఉన్నవాటినే చదివి ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు ఫైలు) తీసుకోండి, మచ్చలున్నవాటిని పక్కన పెట్టండి.