అమ్మాయి పబ్లిక్ హెల్త్ అంటోంది, బీఈడీ చేయించేద్దామా?

సోంపేట దగ్గర ఒక ఊరి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతో మూడేళ్ళు డయాలసిస్ చేయించుకుని పోయారు. అప్పట్నుంచి ఈ జబ్బులు ఎందుకొస్తాయో పరిశోధన చేస్తానంటోంది. పబ్లిక్ హెల్త్ అట, అంటే జనంలో జబ్బులు ఎందుకొస్తాయో, ఎలా ఆపాలో చూసే చదువట. అందులో ఉద్యోగాలుంటాయా మాస్టారూ? బీఈడీ చేయించేస్తే టెన్షన్ ఉండదు కదా అని ఇంట్లో అంటున్నారు."

బీఈడీ మాట కాసేపు పక్కన పెట్టండి సార్. ముందు ఇంకోటి చెప్పాలి, కొంచెం కటువుగా ఉంటుంది. ఈ చదువు చదివితే మీ ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి వస్తున్న కిడ్నీ జబ్బు గుట్టు తనే విప్పేస్తానని మీ అమ్మాయి అనుకుంటుంటే, ఆ ఆశని ఇప్పుడే కొంచెం తగ్గించండి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇన్నేళ్ళలో ఎన్ని బృందాలు వచ్చి రక్తం, నీళ్ళు, మట్టి పట్టుకెళ్ళాయో నాకంటే మీకే బాగా తెలుసు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచెయ్యడం అన్నారు. ఇదే కారణం అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ రీసెర్చ్ సెంటరు కూడా తెరిచారంటే తేలాల్సింది ఇంకా ఉందనేగా. ఈ రంగంలో పదేళ్ళు పనిచేసి చివరికి "ఇది కాదు" అని మాత్రమే రాయాల్సి రావొచ్చు. అది రాయడానికీ మనిషి కావాలి, ఆ మనిషికీ జీతం ఇస్తారు, కానీ ఆ నిదానం అందరికీ పడదు.

ఇక పని ఎలా ఉంటుందంటే, చాలామంది అనుకున్నట్టు తెల్లకోటు, మైక్రోస్కోపు కాదు. ఎక్కువ భాగం ఇల్లిల్లూ తిరిగి "నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారమ్మా" అని అడగడం. నేను చదువుకునే రోజుల్లో సెలవుల్లో ఒక ఆహార సర్వేకి వెళ్ళాను. మొదటి ఇంట్లో ఒకావిడ "ఏముంది బాబూ, అందరూ తిన్నదే" అంది. ఆ అందరూ తిన్నదేమిటో కాగితం మీదకి ఎక్కించడానికి గంట పట్టింది. కొలత గిన్నెలు వరసగా ముందు పెట్టి, అన్నం ఏ గిన్నెకి సరిపోయింది, కూర మొత్తం ఎంత వండారు, అందులో ఆవిడ వేసుకున్నదెంత, పిల్లాడు వదిలేసిందెంత, ఇలా. నూనె దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాం, పోపులో వేసే నూనె ఎవరు కొలుస్తారు? లీటరు ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుంది, ఇంట్లో ఎంతమంది అని అడిగి భాగించుకోవాల్సిందే. సాయంత్రానికి పక్కింటి ముసలమ్మ అసలు సంగతి చెప్పింది. మేం రేషన్ కార్డులు ఏరెయ్యడానికి వచ్చామనుకుని వీధంతా గుడ్లు, చేపలు ముట్టలేదనే చెప్తున్నారట! ఆ కాగితాలన్నీ పక్కన పడేసి మర్నాడు మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం.

అక్కడ మీ అమ్మాయికి ఒక మేలుంది. చోడి (రాగి) అంబలి ఎంత చిక్కగా కాస్తారో, ఎండుచేపల్లో ఉప్పెంత ఉంటుందో, జీడితోటలో పనికెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎన్నింటికి నీళ్ళు తాగుతారో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళకి ఇది అర్థం కావడానికే నెల పడుతుంది.

జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడితే పని ఇంకోలా ఉంటుంది. 2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందా, మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా. అప్పుడు ఎవరు ఏ వీధి, ఎప్పుడు పడిపోయారు, ఏ కుళాయి నీళ్ళు, ఏ కూరగాయలు అని పరుగుల మీద జాబితాలు రాయాలి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల మీదా అనుమానం వచ్చింది. ల్యాబ్ రిపోర్టు ఎంత గొప్పదైనా ఆ జాబితా సరిగ్గా లేకపోతే దేనికీ పనికిరాదు.

బీపీ, షుగర్ లాంటివాటికైతే ఏళ్ళు పడుతుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకి, పిల్లలకి అదనంగా పోషకాహారం పెట్టారు, ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళ బీపీ, షుగర్, ఎముకలు ఎలా ఉన్నాయో చూస్తూ వస్తున్నారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం లెక్కగట్టింది కాబట్టి ఈ పనికి కొరత రాదు.

చదువు సంగతి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు, 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద చిన్న యూనిట్‌గా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది, సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్ష ఉంటుంది, నోటిఫికేషన్ పడగానే అర్హతల్లో ఆమె డిగ్రీ సబ్జెక్టులు ఉన్నాయో లేదో చూసుకోండి. రెండోది ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) హైదరాబాద్‌లో, తిరువనంతపురం అచ్యుత మీనన్ సెంటర్‌లో చేయొచ్చు. ఎంపీహెచ్‌కి ఎంబీబీఎస్ ఉండాలని ఊళ్ళో ఎవరో చెప్పి ఉంటారు, చాలాచోట్ల అక్కర్లేదు. కానీ దాచడం ఎందుకు, కొన్ని తలుపులు డాక్టర్లకే తెరుచుకుంటాయి. జబ్బులు ప్రబలినప్పుడు వెళ్ళే కేంద్ర ప్రభుత్వ ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ శిక్షణ అలాంటిదే. జబ్బులు ఎవరికి, ఎలా వస్తున్నాయో చూసే జిల్లా ఎపిడమియాలజిస్ట్ పోస్టుల్లోనూ తరచుగా ముందు ఎంబీబీఎస్ వాళ్ళనే చూస్తారు.

డబ్బు మాట. మొదట వచ్చేవన్నీ కాంట్రాక్ట్ ఉద్యోగాలే. ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్ళూ జీతం, అయిపోతే మళ్ళీ ఇంటర్వ్యూ. జేఆర్‌ఎఫ్ (పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్) కొడితే నెలకి 37,000తో పాటు ఇంటి అద్దె భత్యం, పీహెచ్‌డీకి దారి. పర్మనెంట్ సైంటిస్ట్ పోస్టు దాకా వెళ్ళేది కొద్దిమందే. ముప్పై ఏళ్ళొచ్చేదాకా ఇల్లు ఆమె జీతం మీద ఆధారపడకపోతేనే ఈ దారి పట్టించండి. ఆరేడు లక్షలు కడితే ప్రైవేట్ ఎంపీహెచ్, గ్యారంటీగా విదేశాల్లో ఉద్యోగం అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టేయండి.

నా అనుమానమల్లా లెక్కల మీద. బైపీసీ పిల్లలు లెక్కలు తప్పించుకోవడానికే ఇటు వస్తారు, ఇక్కడేమో గణాంకాలే ప్రాణం. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడమియాలజీ సంస్థ వాళ్ళ హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ కోర్సు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్‌లో ఫీజు లేకుండా వినొచ్చు, పరీక్షల హడావుడి అయ్యాక వినమనండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5లో శ్రీకాకుళం జిల్లా పట్టిక దింపుకుని రక్తహీనత, బీపీ, షుగర్ అంకెలు పక్క జిల్లాతో పోల్చి అర పేజీ రాయమనండి.

ఈ రెండూ చేసేలోపు ఒక ఆదివారం ఒక నోటుబుక్కు, వంటింట్లో రెండు గిన్నెలు చేతికిచ్చి మీ వీధిలోనే నాలుగిళ్ళకి పంపండి, చుట్టాల ఇళ్ళు వద్దు. నిన్న ఏం తిన్నారో పూర్తిగా రాసుకు రమ్మనండి. మధ్యాహ్నానికే విసుక్కుంటూ వస్తే ఎడ్‌సెట్‌కి (బీఈడీ ప్రవేశ పరీక్ష) దరఖాస్తు పెట్టించండి. సాయంత్రం ఏడింటికి వచ్చి "నాన్నా, ఆ మూడో ఇంటావిడ నూనె తక్కువ చెప్పింది, రేపు మళ్ళీ వెళ్తాను" అంటే నాకు ఫోన్ చెయ్యండి, దరఖాస్తుల సంగతి కూర్చుని చూద్దాం.