జినాన్ క్లస్టర్ల మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం నాలుగో పేరా దగ్గర నాకు కోపం వచ్చింది. జినాన్ అనే జడవాయువు పరమాణువుల కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అంటే సంలీనమై, శక్తినిస్తాయని రాశావు. జినాన్ కేంద్రకంలో 54 ప్రోటాన్లు. ఒకే దూరంలో రెండు హైడ్రోజన్ కేంద్రకాల మధ్య ఉండే వికర్షణకు ఇక్కడ 2,916 రెట్లు! కలిసినా శక్తి రాదు, మనమే ఎదురు పెట్టాలి.

మరి సంలీనం కథలో ఈ జడవాయువుకు పనేమిటి? దారి చూపింది అదే. క్లస్టర్ అంటే పరమాణువుల గుత్తి. దాని మీద లేజర్ పడగానే ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని పేలిపోతాయి. 1997లో జినాన్ క్లస్టర్ల నుంచి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి ఉన్న అయాన్లు, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన పరమాణువులు, వచ్చాయి. 1999లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో డిట్‌మైర్ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) క్లస్టర్లను అలాగే పేల్చింది. సంలీనం జరిగింది, దానికి ఆనవాలుగా న్యూట్రాన్లు దొరికాయి. బల్ల మీద పట్టే పరికరమని అది తక్కువ శక్తి వ్యవహారం అనుకోకు. గది వేడిమిలో వాయువు పరమాణువుకుండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు. ఆ పేలుడులో డ్యుటీరియం అయాన్లకు వేల ఎలక్ట్రాన్ వోల్టులు.

ఎంత పెట్టారు, ఎంత వచ్చింది? ఈ రెండంకెలూ పక్కపక్కన లేకపోతే శక్తి గురించి రాసినదాన్ని నేను వ్యాసమని ఒప్పుకోను. ఆ 1999 ప్రయోగంలో ఒక్కో లేజర్ పల్స్ (మెరుపు) శక్తి 0.12 జౌళ్లు. ఒక్కో పల్స్‌కు వచ్చిన న్యూట్రాన్లు సుమారు 10,000. సంలీనాల శక్తంతా కూడినా పెట్టినదాంట్లో కోటో వంతు. కోటి రూపాయలు మదుపు పెట్టి ఒక్క రూపాయితో ఇంటికొచ్చినట్టు. నువ్వేమో ‘ఇక శక్తి కరువు తీరినట్టే’ అని శీర్షిక పెట్టావు!

1989లో అమెరికాలోని యూటాలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు గాజు పాత్రలో సంలీనం సాధించామని ప్రకటించినప్పుడు, అంత వేడి వస్తే అందుకు తగ్గ న్యూట్రాన్లేవని అడుగుతూ ఒక వారపత్రికకు రాశాను. సంపాదకుడు అంకెలన్నీ కొట్టేసి, పాఠకులు లెక్కలకు భయపడతారన్నాడు. వ్యాసం వెనక్కి తెచ్చుకున్నాను. ఆ నెల అద్దెకు అప్పు చేశాను. నూటికి రెండు రూపాయల వడ్డీని నోటితో లెక్కగట్టే మన పాఠకుడికి అంకెలంటే భయమా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇప్పటి పత్రికలదీ అదే వరస: అంకె తీసెయ్, అద్భుతం పెట్టు.

ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు ఆర్గాన్ క్లస్టర్ల నుంచి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల తటస్థ (ఆవేశం లేని) పరమాణువులను రప్పించి 2013లో ప్రచురించారు. అది నీ వ్యాసంలో ఎందుకు లేదు? వెతికి చదువు.

నాజిల్ (సన్నని గొట్టం మూతి) దాటిన వాయువు చల్లబడి గుత్తులు కట్టే పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. శీర్షిక మార్చు. నాలుగో పేరా తీసేసి ఆ చోట 1999 నాటి లెక్క నువ్వే చేసి రాయి. నా అంకెలు ఎత్తి రాయకు.