సంగీతం టీచర్ల సంఘం పెడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

శ్రీకాకుళంలో సంగీతం నేర్పేవాళ్లందరం కలిసి సంఘం పెట్టుకుందామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి మాస్టారూ అని ఫోన్ చేశావు కదా, అప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఇంకో ఊళ్లో ఎవరైనా ఇదే పని తలపెట్టి ఉంటే వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఒక్కటి తేల్చుకోండి. మీ సంఘం ఉన్నందువల్ల, ఇంట్లో పది పన్నెండు మంది పిల్లలకు పాఠం చెప్పుకుని బతికే టీచరుకు ఈ నెలలో ఏం మేలు జరుగుతుంది? జవాబు దొరికాకే పేరు, బ్యానరు, అధ్యక్షుడు ఎవరన్న మాట. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడాదికోసారి హాలు తీసుకుని పెద్దవాళ్లకు శాలువా కప్పే సంఘాలకు కొదవ లేదు. విద్వాంసుల్ని గౌరవించుకోవాల్సిందే, కాదనను, కానీ దానికి నలుగురు చందాలేసుకుంటే సరిపోతుంది.

సంఘం అవసరం అసలు ఎక్కడుందంటే, పిల్లలు గురువు మారే చోట. మొదట్లో నేర్పే చిన్న పాటలైన గీతాల దాకా ఒకరి దగ్గర నేర్చుకున్న పిల్ల, ఆపైన వచ్చే కష్టమైన వర్ణాల దగ్గరికి వచ్చేసరికి ఇంకొకరి దగ్గర చేరుతుంది. ఇల్లు మారుంటారు, స్కూలు టైము కుదరక ఉంటుంది, లేదా వాళ్లమ్మకి పక్కింటావిడ ఏదో చెప్పి ఉంటుంది. కొత్త టీచరు మొదటిరోజు పాడించుకుని "ఎవరమ్మా నీకిలా నేర్పింది?" అంటుంది. ఆ ఒక్క మాట ఊరంతా తిరిగి పాత టీచరు చెవిన పడుతుంది, ఇక ఆ ఇద్దరూ పెళ్లిళ్లలో ఎదురుపడినా మాట్లాడుకోరు. నిజానికి చాలాసార్లు ఆ పిల్ల తప్పు పాడి ఉండదు, పాఠాంతరం, అంటే ఆ గురువు దగ్గర నేర్చుకున్న తీరు వేరు, అంతే. ఒకే కృతికి ఒక గురువుగారి దగ్గర ఒక రకం సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లు), ఇంకొకరి దగ్గర ఇంకో రకం ఉంటాయని మనకు తెలుసు, పిల్లకీ వాళ్లమ్మకీ ఏం తెలుసు? కాబట్టి మొదటి సమావేశంలోనే ఒక ఒప్పందానికి రండి. కొత్తగా చేరిన పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి, ఆ టీచరుకు ఫోన్ చేసి, ఎంతవరకు అయింది, ఏ కాలంలో, అంటే ఎంత వేగంలో, తడబడకుండా పాడగలదు అని కనుక్కోవాలి. పాత ఫీజు బాకీ ఉంటే కట్టి రమ్మనాలి. పిల్ల ముందు పాత గురువు గురించి ఒక్క మాట అనకూడదు. తాళం నిజంగానే తప్పుతుంటే చప్పుడు చేయకుండా సరిదిద్దుకోవాలి. పంపే టీచరు కూడా ఎందుకు మానేశావని నిలదీయకుండా ఆశీర్వదించి పంపాలి. ఇవి కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి, నోటిమాటగా వదిలేస్తే నిలబడదు.

ఫీజు అందరికీ ఒకటే పెడదామని కొందరు పట్టుబడతారు, ఒప్పుకోకు. టౌన్‌లో అపార్ట్‌మెంట్ల మధ్య చెప్పే టీచరు తీసుకున్నంత కోటబొమ్మాళిలోనో మెళియాపుట్టిలోనో చెప్పే టీచరు ఎలా అడుగుతుంది? పద్ధతి మాత్రం ఒకటే ఉండాలి. ఫీజు నెల మొదట్లోనా చివర్లోనా, పిల్ల రాకపోతే ఆ క్లాసు పోయినట్టేనా, టీచరే ఒక క్లాసు మానేస్తే అది మళ్లీ చెప్పాలా, దసరాకీ సంక్రాంతికీ ఎన్ని రోజులు సెలవు. ఇవి అందరి దగ్గరా ఒకేలా ఉంటే తల్లిదండ్రులతో ఒంటరిగా వాదించుకునే బాధ తప్పుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. టీచరు పురిటికి వెళ్తుంది, లేదా ఆపరేషన్ అయి రెండు నెలలు మంచం మీద ఉంటుంది. తిరిగి వచ్చేసరికి సగం మంది పిల్లలు ఉండరు. ఆ రెండు నెలలూ తోటి టీచర్లు ఆ పిల్లల్ని పంచుకుని చెప్పి, మళ్లీ భద్రంగా అప్పజెప్పాలి. సంఘం ఈ ఒక్క పని చేసినా చాలు, సభ్యత్వ రుసుము ఎవరూ దండగ అనుకోరు. అలాగే వీణలు. వీణ మీద మైనంలో నిలబెట్టిన మెట్లు కదిలిపోతే ఒక్కొక్కరూ వీణ మోసుకుని బొబ్బిలి పక్కన గొల్లపల్లి దాకా వెళ్లేకంటే, ఏడాదికోసారి అక్కడి వీణల మేస్త్రీనే పిలిపించి ఒక ఇంట్లో కూర్చోబెడితే, ఊళ్లోని వీణలన్నీ ఒక్క విడతలో అయిపోతాయి.

నెలకోసారి కలవండి, ఉపన్యాసాలు మాత్రం వద్దు. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు కూర్చుని చూడాలి. మగ మాస్టారు తన గొంతుకు సరిపోయే ఒకటిన్నర శ్రుతిలోనే తొమ్మిదేళ్ల పిల్లచేత తొలి పాఠాలైన సరళీ స్వరాలు పాడిస్తుంటారు. కింద షడ్జమం, అంటే 'స', ఆ పిల్లకు అందదు, పై స్థాయిలో ఎత్తుకుంటే తారషడ్జమం, అంటే పై 'స', దగ్గర మెడ నరాలు తేలతాయి. శ్రుతిని ఐదుకో ఐదున్నరకో మారిస్తే అదే పిల్ల హాయిగా పాడుతుంది. ఇది పక్కన కూర్చుని చూసిన తోటి టీచరుకే కనిపిస్తుంది, ఆవిడ చెబితే నొప్పించకుండానూ ఉంటుంది.

సభ్యత్వం దగ్గర గీతలు గీయొద్దు తల్లీ. 1919లో మా విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ హరికథలు చెప్పే ఆదిభట్ల నారాయణదాసుగారు, వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, తర్వాత 1936లో నాయుడుగారే ప్రిన్సిపాల్ అయ్యారు. హరికథలు చెప్పేవారినే ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన అలాంటి చోటు నుంచి వచ్చిన మనం కీబోర్డు నేర్పేవాళ్లనీ, చర్చిలో క్వయర్‌కి నేర్పేవాళ్లనీ, గుడి దగ్గర నాదస్వరం, డోలు నేర్పే కుటుంబాలనీ బయట నిలబెడతామా? రమ్మనండి. ఒక్క నియమం మాత్రం ఎవరికీ సడలించొద్దు, పాఠం చెప్పే గది తలుపు తీసే ఉండాలి, తల్లిగానీ తండ్రిగానీ వచ్చి కూర్చుంటానంటే కాదనకూడదు.

రిజిస్ట్రేషన్‌కి తొందరేం లేదు. ఆరు నెలలు పైన చెప్పినవి చేసి చూడండి, అప్పటికి ఎవరు నిలబడతారో తెలుస్తుంది. ఆ తర్వాత 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోండి. కార్యదర్శి, కోశాధికారి ఒకే ఇంటివాళ్లు కాకుండా చూసుకోండి. సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వచ్చేదాకా పెద్ద మొత్తాలు వసూలు చేయొద్దు, వచ్చాక కూడా చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి. చందాలు ఎవరి సొంత ఫోన్‌పేకీ వేయించుకోవద్దు, ఎంత మంచివాళ్లైనా సరే. మంచివాళ్ల మీద కూడా మాట పడుతుంది, పడ్డాక తుడిచేయలేం. పదవి రెండేళ్లకోసారి మారాలని నియమావళిలోనే రాసేయండి.

త్యాగరాజ ఆరాధన చేయమని మీ దగ్గరికి తప్పకుండా వస్తారు. చేయండి, కానీ ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమికి ముందు వారం మొదలుపెడితే కుదరదు. ఆ రోజు అందరూ కలిసి పాడే త్యాగరాజుగారి ఐదు కృతులు, పంచరత్నాలకు, ఎవరి పాఠాంతరం, ఏ శ్రుతి అన్నది దసరా వెళ్లగానే తేల్చుకుని వారం వారం కలిసి సాధన చేయాలి. మగవాళ్ల శ్రుతికీ ఆడవాళ్ల శ్రుతికీ మధ్య రాజీ కుదరడానికే నాలుగు వారాలు పడుతుంది.

మొదటి సమావేశం ఆదివారం పెట్టకండి, ఆ రోజే అందరికీ పాఠాలు ఎక్కువ. వారం మధ్యలో ఒక మధ్యాహ్నం, పిల్లలు స్కూల్లో ఉండే వేళ పెట్టండి, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు సాయంత్రానికి ఇళ్లకు చేరతారు. గురువు మారే సంగతి మీద మీరు రాసుకున్న కాగితం నాకు ముందు పంపు, చదివి చెబుతాను.

మీ మాస్టారు
విజయనగరం